దయ కాదు, హక్కు – అయినా ధర్మం మిగిలే ఉన్నది



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, రాజులను గురించి, కోటలను గురించి వ్రాయగల విద్వత్తు నాకు లేదని మనవి చేసుకున్నాను. "మీరు పనిచేసిన కాలంలో చూచిన చరిత్రే వ్రాయండి" అన్నారు వారు. ముప్పై అయిదేండ్లు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను నేను. ఒకప్పుడు దయగా ఇచ్చినది తరువాత హక్కుగా ఎట్లా మారిందో ఆ ఫైళ్ళలోనే కొంత చూచాను. ఆ సంగతే నాకు తెలిసినంత మేరకు వ్రాస్తున్నాను.

మన ప్రాంతం నుండే మొదలుపెడతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలు ఎక్కితే చైతన్యపురి దాటిన తరువాత విక్టోరియా మెమోరియల్ స్టేషను, ఆపైన ఎల్.బి.నగర్ వస్తాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో విక్టోరియా మహారాణి పేరిట సరూర్‌నగర్‌లో అనాథ బాలలకోసం ఏర్పాటు చేసిన ఆశ్రమం పేరే ఆ స్టేషనుకు పెట్టారు. దిక్కులేని పిల్లలకు తిండి, చదువు దొరికాయంటే అది ప్రభువుల దయ. పిల్లవాడు వెళ్ళి "నాకు చదువు చెప్పించడం మీ విధి" అని అడిగే కాలం కాదది. ఇక లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు మీద వెలసిన ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. 1978 ఆగస్టు 15న ఏర్పడిన ఆ జిల్లా నలుమూలల నుండి జనం "నాకు రావలసినది నాకు ఇప్పించండి" అని అక్కడికి వస్తారు. పిల్లల చదువు కూడా 2002 నాటి రాజ్యాంగ సవరణతో, 2009 నాటి చట్టంతో హక్కు అయింది. ఈ రెండు స్టేషన్ల మధ్య రైలు ప్రయాణం నిమిషాల్లో అయిపోతుంది. దయ నుండి హక్కుకు రావడానికి మాత్రం మన సమాజానికి నూరేండ్లు పట్టింది.

చట్టం ముందు, సంఘం తరువాత

చట్టం వచ్చినంత మాత్రాన హక్కు చేతికి అందదు. దీనికి మన తెలుగునాట పెద్ద నిదర్శనం వితంతు వివాహం. హిందూ వితంతువులు మళ్ళీ పెండ్లి చేసుకోవచ్చునని 1856లోనే చట్టమయింది. కాగితం మీద హక్కు అయితే వచ్చింది గాని ఊళ్ళో బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వవలసినది, శుభకార్యానికి పిలవవలసినది, పౌరోహిత్యం చేయవలసినది సంఘం. ఆ సంఘం ఒప్పుకోలేదు. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి చట్టం వచ్చి ఇరవై అయిదేండ్లు గడిచిపోయాయి. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య గారు ధన సహాయం చేయకపోతే, కొందరు యువకులు వెంట నిలబడకపోతే ఆ పెండ్లి జరిగేది కాదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఆనాడు వ్యతిరేకించినవారు దుర్మార్గులేమీ కారు. ఆచారాన్ని కాపాడుతున్నామనే నమ్మినవారు. నీతి పేరుతోనే ఒక పసిపిల్ల బ్రతుకును చీకటి చేశారు. కనుక పదిమంది నీతి అన్నదల్లా ధర్మం కాదు, ఒంటరి మనిషికి ఆ పదిమంది నుండి రక్షణగా హక్కు ఉండాలి. అట్లాగే హక్కు ఉన్నా, దాన్ని వాడుకునేవారి పక్కన నిలబడే నలుగురు లేకపోతే అది గెజిట్‌లోనే ఉండిపోతుంది. ఇక మన పెన్షన్ సంగతికి వస్తాను.

పెన్షన్ ఒకప్పుడు దొరవారి దయ

పెన్షన్ నేడు మనకు నెల మొదట్లో బ్యాంకు ఖాతాలో పడుతున్నది. దీని పాత చరిత్ర మన పిల్లలకు తెలియదు. బ్రిటిష్ వారి కాలంలో 1871లో పెన్షన్ల చట్టం చేశారు. ప్రభుత్వం ఇచ్చిన పెన్షన్ గురించి సివిలు కోర్టులు దావా విచారించరాదని అందులో వ్రాశారు. కలెక్టరు వంటి అధికారి నుండి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే దావా నడిచేది. ఇచ్చేవారిని అడగవచ్చునా అని ఇచ్చేవారినే అడగడమన్నమాట! అదే చట్టంలో ఒక మేలు కూడా ఉన్నది. అప్పులవాళ్ళు పెన్షన్‌ను జప్తు చేయడానికి వీలులేదు. ముసలివాని నోటి దగ్గర కూడు లాగరాదన్న నీతి ఆ చట్టంలోనూ కొంత ఉన్నది.

పెన్షన్ పొందేవారి నడవడిక బాగుండాలన్న షరతు కూడా ఆనాటిదే. రిటైరయిన తరువాత ఘోరమైన నేరంలో శిక్ష పడినా, తీవ్రమైన దుష్ప్రవర్తన రుజువయినా పెన్షన్‌ను ఆపవచ్చు లేదా తగ్గించవచ్చు. ఇది 1979 అక్టోబరు 29 నుండి అమలుకు వచ్చిన మన ఆంధ్రప్రదేశ్ సవరించిన పెన్షన్ నిబంధనలలోనూ చేరింది. మన పెన్షన్ పేపర్ల మీద సంతకం చేసినప్పుడు ఎంతమంది ఈ నిబంధన చదివారో నాకు అనుమానమే.

1971లో బీహారుకు చెందిన దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు మొదటిసారి గట్టిగా చెప్పింది – పెన్షన్ అనేది ప్రభుత్వం ఇష్టమైతే వేసే భిక్ష కాదు, ఉద్యోగి ఆస్తి అని. అయినా ఆఫీసులలో మాటతీరు మారలేదు. "శాంక్షను చేశాం, పోండి" అనే ధోరణే సాగింది.

1982 డిసెంబరు 17

ఆ తరువాత వచ్చినదే డి.ఎస్. నకారా కేసు. నకారా గారు కేంద్ర రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి రిటైరయినవారు. 1979 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కను మెరుగుపరచింది. అంతకు ముందు చివరి 36 నెలల జీతపు సగటు మీద కట్టే పెన్షన్‌ను చివరి పది నెలల సగటు మీద కట్టేటట్లు చేసింది. పెన్షన్ పరిమితినీ పెంచింది. కాని ఆ మేలు 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరయినవారికి మాత్రమే అన్నది. మార్చి 30న దిగిపోయినవాడు ఒక జాతి, 31న దిగిపోయినవాడు మరొక జాతి అయిపోయారు. ఇద్దరూ ఒకే కుర్చీలో, ఒకే పని చేసినవారే.

అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విభజన రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు. తీర్పు వ్రాసినవారు డి.ఎ. దేశాయ్ గారు. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారు కూడా ఉన్నారని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంటుంది. పెన్షన్ యజమాని ఇష్టాయిష్టాలపై ఆధారపడే దాతృత్వం కాదు, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలం, వయసులో ఉన్నప్పుడు కష్టపడినవారిని ముసలితనంలో నడివీధిలో వదలరాదన్న సామాజిక న్యాయం – ఇదీ ఆ తీర్పు సారాంశం. అందుకే ప్రతి సంవత్సరం డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము.

నా టేబులు మీది ఫైలు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నలభై ఏండ్లు దాటినా ఎక్కడా వ్రాయలేదు.

నకారా తీర్పు రావడానికి కొన్ని నెలల ముందు, మా ఆఫీసులో అటెండరుగా చేస్తూ సర్వీసులోనే చనిపోయిన ఒకాయన భార్యకు రావలసిన కుటుంబ పెన్షన్ ఫైలు నా సీటుకు వచ్చింది. సర్వీసు రిజిస్టరులో రెండేండ్ల సర్వీసు వెరిఫికేషను ఎంట్రీ లేదు. ఆయన అంతకు ముందు పనిచేసిన ఆఫీసుకు ఒక ఉత్తరం వ్రాసి, "జవాబు రావలసి ఉన్నది" అని నోట్ పెట్టి, ఫైలును కింది అరలో పెట్టాను. రిమైండరు వేయలేదు. ఆమె చిన్న కొడుకును వెంటబెట్టుకొని ఇబ్రహీంపట్నం వైపు పల్లెటూరి నుండి బస్సులో వచ్చేది. టేబులుకు ఇవతల నిలబడి "మీ దయ బాబూ" అనేది. "పై నుండి రావాలమ్మా, వచ్చే నెల కనబడు" అనేవాణ్ణి.

నేను లంచం అడగలేదు. ఆ విషయంలో నాకు అప్పట్లో గర్వంగా కూడా ఉండేది. కాని "మీ దయ" అని ఆమె చేతులు జోడించినప్పుడు లోపల ఒక సుఖం కలిగేది. ముప్పై ఏండ్ల యు.డి.సి.కి అంతకన్నా అధికారం ఎక్కడ దొరుకుతుంది? ఆ సుఖం కోసమే ఫైలు ఆలస్యం చేశానని అనను గాని, ఆ సుఖం వలన ఆలస్యం నాకు నొప్పి అనిపించలేదు. ఎనిమిది నెలలు గడిచాయి.

డిసెంబరులో పత్రికలో నకారా తీర్పు వార్త చదివాను. మా సూపరింటెండెంటు గారు భోజన విరామంలో దాన్ని అందరికీ చదివి వినిపించారు. "ఇంతకాలం మనం ఏదో ఇస్తున్నామనుకున్నామయ్యా, వాళ్ళది వాళ్ళకే ఇస్తున్నాం" అన్నారు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నాకు మాత్రం తగిలింది. మరునాడే కింది అరలోని ఫైలు తీసి, డి.ఓ. ఉత్తరం పుట్ అప్ చేసి, అటెండరును పంపి ఎంట్రీ వేయించాను. మూడు వారాల్లో పేపర్లు మా ఆఫీసు దాటి వెళ్ళాయి. మూడు వారాల పనికి ఎనిమిది నెలలు!

మంజూరు వచ్చాక ఆమె వచ్చి "మీ దయ వల్ల బాబూ" అని మళ్ళీ చేతులు జోడించింది. "ఇది నా దయ కాదమ్మా, మీ ఆయన చేసిన నౌకరీ, మీ హక్కు" అని చెప్పవలసింది. చెప్పలేదు. తల ఊపి ఊరుకున్నాను. చట్టం ఢిల్లీలో మారింది గాని, టేబులుకు ఇవతల ఉన్న ఆమెకు, అవతల ఉన్న నాకు ఆ రోజు దాకా మారలేదు. హక్కును దయగా మార్చే శక్తి ఒక గుమాస్తా చేతిలో కూడా ఉంటుంది. ఇప్పుడు జీవన ప్రమాణ పత్రం కోసం, బకాయిల కోసం మనం వరుసలో నిలబడినప్పుడు విసుగు వస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు ఆ తల్లి గుర్తుకు వస్తుంది.

హక్కుకు హద్దులు

నకారా తీర్పు వచ్చింది కదా, ఇక అన్నీ హక్కులే అనుకున్నాము. రెండు నెలలు తిరగకుండానే 1983 ఫిబ్రవరిలో రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుండి 55కు తగ్గింది. నెలాఖరుకు 55 దాటినవారంతా ఇంటికి వెళ్ళిపోయారు. కూతురి పెండ్లి తలపెట్టినవారు, ఇంటి అప్పు తీరనివారు ఒక్కసారిగా దండలు వేయించుకొని బయటికి నడిచారు. మా సెక్షనులో రెండు కుర్చీలు ఒకే రోజు ఖాళీ అయ్యాయి. యువకులకు ఉద్యోగాలు రావాలన్నది ప్రభుత్వం వాదం. కె. నాగరాజ్ కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయం చెల్లుతుందనే చెప్పింది. అప్పుడూ ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారే. ఈలోగా 1984లోనే వయసు తిరిగి 58 అయింది. అయితే న్యాయస్థానం ఏమన్నది? చేసిన సేవకు వచ్చే పెన్షన్ హక్కు, ఏ వయసు దాకా పని ఇవ్వాలన్నది ప్రభుత్వ విధానం. ఉద్యోగి కష్టం నిజమే కావచ్చు, కష్టమల్లా హక్కు కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు మరొకసారి ఈ ప్రశ్న లేచింది. మార్చి నెల జీతాలలో, పెన్షన్లలో కొంత భాగాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ ఆపాయి. తెలంగాణలో దానికి జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి హైకోర్టుకు వెళ్ళారు. 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు అన్నది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గాని, జీతమూ పెన్షనూ న్యాయంగా రావలసినవేనన్న మాటను మళ్ళీ స్థిరపరచింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించినవారు నాటి చంద్రచూడ్ గారి కుమారుడు డి.వై. చంద్రచూడ్ గారు. ఇక 2004 సెప్టెంబరు 1 నుండి చేరిన ఉద్యోగులకు మన పాత పెన్షన్ లేదు, చందాతో కూడిన పథకమే. మనకు హక్కుగా నిలిచినది మన పిల్లలకు చేరలేదు. హక్కు ఒకసారి వచ్చి శాశ్వతంగా ఉండిపోయేది కాదని ఇందువలన తెలుస్తున్నది.

కన్నవారి బాగోగులు

ఇప్పటిదాకా ప్రభుత్వానికీ మనకూ మధ్య సంగతి. మన ఇంట్లోకి వద్దాము.

తల్లిదండ్రులను చూచుకోవడం ధర్మమని మనకు ఎవరూ చట్టం చదివి చెప్పలేదు. మా నాయన మంచాన పడినప్పుడు మా అన్నదమ్ములం వంతులు వేసుకున్నామే గాని సెక్షన్లు వెదకలేదు. కాని చట్టం మెల్లగా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో భార్యకు, బిడ్డలకు మాత్రమే భరణం ఉండేది. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టంలో వృద్ధులైన తల్లిదండ్రులను పోషించడం కొడుకులకూ కూతుళ్ళకూ బాధ్యత అన్నారు. 1973 నాటి కొత్త కోడ్‌లో 125వ సెక్షను క్రింద అన్ని మతాల తల్లిదండ్రులకూ భరణం అడిగే వీలు వచ్చింది. పెండ్లయిన కూతురుకూ ఆ బాధ్యత ఉన్నదని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ తరువాత 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో దీనికి 2011లో నియమాలు చేశారు. దీని క్రింద ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షతన ట్రిబ్యునల్ ఉంటుంది. వకీలును పెట్టుకోవలసిన పనిలేదు. తెల్లకాగితం మీద అర్జీ వ్రాసుకోవచ్చు. నోటీసు అందిన నాటి నుండి 90 రోజులలో తేల్చాలి. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. పిల్లలు లేని వృద్ధులయితే వారి ఆస్తి ఎవరికి చేరుతుందో ఆ బంధువే చూచుకోవాలి. వృద్ధులను కావాలని వదలివేసినవారికి మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నది. అస్సాం ప్రభుత్వమయితే 2017లో ఇంకొక అడుగు ముందుకు వేసి, తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగి జీతంలో 10 శాతం కోసి వారికే ఇప్పించే చట్టం చేసింది. జీతాల బిల్లులు కట్టిన నాబోటివారికి ఇది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ప్రొఫెషనల్ టాక్సు, జి.పి.ఎఫ్. పక్కన "అమ్మానాన్న" అని ఒక కాలమ్!

గిఫ్టు డీడు

మన ప్రాంతంలో ఈ చట్టం అవసరం ఎందుకు ఎక్కువయిందో కాస్త ఆలోచించండి. 1970, 80లలో మనవంటి ఉద్యోగులు సరూర్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం వైపు నూటయాభై, రెండువందల గజాల స్థలాలు కొనుక్కున్నారు. వనస్థలిపురంలో ఎన్.జి.ఓ.స్ కాలనీ అనే పేరే ఉన్నది. అప్పుడు నీళ్ళు లేవు, వీధి దీపాలు లేవు. ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007లో మహానగరపాలక సంస్థలో కలిసింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చింది. ఇంటి అప్పు, గ్రాట్యుటీ పోసి కట్టిన రెండు గదుల ఇల్లు ఇప్పుడు బిల్డరు కంటికి బంగారు ముద్ద. మన జీతాలు చిన్నవే గాని మన గజాలు పెద్దవయ్యాయి. దానితో ఇళ్ళల్లో మాటలు మారాయి.

నాకు తెలిసిన ఒక మిత్రుడున్నారు. పేరు, ఊరు చెప్పను. భార్య పోయిన ఏడాదే కొడుకు పేర ఇల్లు గిఫ్టు డీడు వ్రాసి రిజిస్టరు చేయించారు. "ఎప్పటికైనా వాడిదే కదా" అన్నారు. రెండేండ్లలో ఆయన మంచం మేడమీది రేకుల గదిలోకి మారింది. చిన్న వయసులో సర్వీసులో చేరలేదు, ప్రైవేటు కొలువు చేసినవారు, కనుక పెన్షన్ కూడా లేదు. ఒకనాటి సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చొని ఉండగా ట్రిబ్యునల్ సంగతి చెప్పాను. "కొడుకు మీద కేసు వేసినవాడు అనిపించుకొని చావమంటావా అన్నా?" అన్నారు. నాకు వెంటనే ఆ అటెండరు భార్య గుర్తుకు వచ్చింది. ఆమెకు హక్కు ఉన్నదని తెలియక దయ అడిగింది. ఈయనకు హక్కు ఉన్నదని తెలిసి కూడా అడగడానికి సిగ్గుపడుతున్నారు. పరువు పేరుతో, మంచితనం పేరుతో మనిషిని నోరెత్తనీయకపోవడం 1881 నాటిదే, రూపం మారింది.

ఈ విషయంలో పెద్దలు, పిల్లలు తెలుసుకోవలసిన న్యాయం ఒకటున్నది. 2007 చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, పోషణ చూచుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. షరతు లేకుండా ఇస్తే ఆ సెక్షను వర్తించదని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో ఒక తల్లి ఇచ్చిన గిఫ్టు డీడును రద్దు చేస్తూ, ఇది వృద్ధుల మేలు కోరి చేసిన చట్టం గనుక ఉదారంగా అర్థం చెప్పుకోవాలని అదే కోర్టు అన్నది. ఆ తల్లి దగ్గర మాత్రం కొడుకు వ్రాసి ఇచ్చిన వాగ్దాన పత్రం ఉన్నది. కనుక ప్రేమ ఎంత ఉన్నా, దస్తావేజులో "జీవితాంతం పోషించవలెను, ఇంట నివసింపనీయవలెను" అన్న వాక్యం వ్రాయించడం మరువకండి. ఇది అపనమ్మకం కాదు. ఫైలులో నోట్ లేకపోతే పని జరగదని మనకన్నా తెలిసినవారెవరు?

కోడలికీ హక్కున్నది

పెద్దల పక్షం మాత్రమే వ్రాసి వ్యాసం ముగిస్తే అధర్మమవుతుంది. ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకొని కోడళ్ళను ఇంటి నుండి వెళ్ళగొట్టిన పెద్దలూ ఉన్నారు. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బెంగుళూరులో భర్తతో తగాదా ఉన్న కోడలిని, అత్తమామలు వయోవృద్ధుల చట్టం క్రింద ఇల్లు ఖాళీ చేయమన్నారు. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఆమెకు ఇచ్చిన నివాస హక్కును ఈ చట్టంతో తుడిచివేయరాదనీ, రెండు చట్టాలనూ కలిపి చదువుకోవాలనీ కోర్టు చెప్పింది. ముసలివారి శాంతి ఎంత ముఖ్యమో, పుట్టిల్లు వదలి వచ్చిన ఆడపిల్లకు నెత్తిన నీడ అంత ముఖ్యం. ఒకరి హక్కు మరొకరి గొంతు మీద కాలు కాకూడదు.

చట్టం చేయలేనిది

చివరగా మన హైకోర్టు కేసు ఒకటి చెప్పి ముగిస్తాను. భర్తను విడిచి ఉన్న భార్యను తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఉత్తర్వు పొందే వీలు హిందూ వివాహ చట్టం 9వ సెక్షనులో ఉన్నది. 1983లో సరిత, వెంకటసుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి గారు ఆ సెక్షనే చెల్లదన్నారు. మనసులేని చోటికి మనిషిని కోర్టు ఉత్తర్వుతో పంపడం ఆమె వ్యక్తిత్వానికి, ఏకాంతానికి భంగమని వారి భావం. మరుసటి ఏడాది, 1984లో, మరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదన్నది. అయితే మనిషి ఆంతరంగిక జీవితం రాజ్యాంగం కాపాడే హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, చౌదరి గారి మాట చాలామందికి జ్ఞాపకం వచ్చింది.

నాకు న్యాయశాస్త్రం తెలియదు గాని ఆ తీర్పులో ఒక నిజం కనిపిస్తున్నది. చట్టం లెక్కపెట్టగలిగినవాటినే ఇప్పించగలదు. రూపాయలు, గజాలు, తేదీలు, నెత్తిన కప్పు – ఇవి ఇప్పించగలదు. కాపురం చేయించలేదు, కొడుకు చేత నాన్నా అని పిలిపించలేదు. అంతమాత్రాన చట్టం తక్కువదని కాదు. ధర్మం తప్పిన రోజున మనిషి అడుక్కునే పరిస్థితి రాకుండా కాపాడేది అదే. ధర్మం ఉన్న ఇంట్లో హక్కు బీరువాలో దస్తావేజులాగా ఉంటుంది. రోజూ తీసి చూపనక్కరలేదు, లేకుండా మాత్రం ఉండకూడదు.

నా మిత్రుడు ఆరు నెలలు ఆలోచించి చివరకు అర్జీ పెట్టారు. మేమిద్దరం పార్కు బెంచీ మీదే కూర్చొని వ్రాశాము. ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు నెలనెలా ఆయన ఖాతాలో డబ్బు పడుతున్నది, మంచం కింది గదిలోకి వచ్చింది. "మందులకు ఎవరినీ అడగనక్కరలేదన్నా, అంతవరకు మేలే. వాడు మాత్రం మాట్లాడడం లేదు" అన్నారు మొన్న. డబ్బు ఇప్పించడం ట్రిబ్యునల్ పని, అది చేసింది. మాట కలపడం ఆ ఇంటివారి పని, ఆ తండ్రి పని కూడా. వచ్చే పండుగకు మనుమరాలికి గౌను కొని తానే ముందు పలకరిస్తానని చెప్పారు.

ఈ సంచిక మన ఇళ్ళలో పిల్లలు కూడా చదువుతారని వ్రాశాను. ఏ ఆఫీసులోనయినా, బ్యాంకులోనయినా మీ టేబులుకు ఇవతల నిలబడి ఎవరైనా "మీ దయ" అంటే, నేను ఆనాడు అనలేకపోయిన మాట మీరు అనండి – "ఇది దయ కాదండీ, మీకు రావలసినదే" అని.